“ఎప్పుడు నడుస్తావు?” అని అడగకండి

(జంషెడ్‌పూర్ సీతారాండేరాలో జరిగిన తెలుగు సిబ్బంది కుటుంబాల సమావేశంలో ఒక సహోద్యోగి చేసిన ప్రసంగ పాఠం)



నన్ను వేదిక మీదికి రమ్మన్నారు. కానీ మూడు మెట్లున్నాయి. అందుకే కింద నుంచే మాట్లాడుతున్నాను. ఇదీ బాగానే ఉంది, మీ అందరి ముఖాలూ ఎదురుగా కనిపిస్తున్నాయి.

మా తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడి ఉక్కు కార్ఖానాలో పనికి వచ్చారు. నేను ఈ సీతారాండేరాలోనే పుట్టి పెరిగాను. మన బ్యాంకులో క్లర్కుని. తొమ్మిదేళ్ల కిందట డాబా మీద నీళ్ల ట్యాంకు చూడబోయి జారి పడ్డాను. నడుముకి కాస్త పైన వెన్నెముక విరిగి, లోపలున్న వెన్నుపాము దెబ్బతింది. ఆ రోజు నుంచి నడుము కింద కదలిక లేదు, స్పర్శ లేదు.

మొదటి ఏడాదంతా ఎదురుచూపే. చూడడానికి వచ్చిన ప్రతివారూ ప్రేమగా ఒకటే అడిగేవారు: “ఎప్పుడు నడుస్తావు బాబూ?” నేనూ గోడ మీద క్యాలెండరు చూసుకుంటూ పడుకునేవాణ్ణి. అమ్మ అన్నం కలిపి నోట్లో పెట్టేది. చొక్కా మా ఆవిడ తొడిగేది. నా చేతులకి ఏ దెబ్బా తగల్లేదు. అయినా వాటికి పని లేకుండా పోయింది. చేతులు సన్నబడ్డాయి. కూర్చునే చోట పుండు పడింది. నొప్పి తెలియదు కనుక లోతైన దాకా ఎవరికీ తెలియలేదు. అది మానడానికి మూడు నెలలు బోర్లా పడుకున్నాను.

తరువాత ఇంటికి వచ్చిన ఫిజియోథెరపిస్టు వేరే ప్రశ్న అడిగాడు: “మంచం మీంచి కుర్చీలోకి మీ అంతట మీరు మారగలరా?” మారలేనన్నాను. “అయితే అక్కడి నుంచి మొదలుపెడదాం” అన్నాడు.

మంచానికీ కుర్చీకీ మధ్య నున్నటి చెక్క వేసి, కుర్చీకి బ్రేకు వేసి, ముందుకు వంగి, రెండు చేతుల మీద బరువు వేసి నడుము లేపి జరగాలి. చెప్పడానికి ఒక్క వాక్యం. నాకు రెండు నెలలు పట్టింది. దానికోసమే వ్యాయామాలన్నీ. కిటికీ ఊచకి రబ్బరు పట్టీ కట్టి వెనక్కి లాగడం, నీళ్ల సీసాలు ఎత్తడం, కుర్చీ చేతుల మీద ఆనుకుని శరీరాన్ని పైకి లేపడం. మాలాంటివారికి భుజాలే కాళ్లు. రోజంతా చక్రాలు ముందుకి తోస్తాం కనుక, వెనక్కి లాగే వ్యాయామం చెయ్యకపోతే భుజాలు పాడవుతాయి.

2018లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు పెద్దగా ఏమీ అడగవు. వారానికి రెండుసార్లు, కనీసం 20 నిమిషాలు ఊపిరి వేగం పెరిగేలా శ్రమ. వారానికి రెండుసార్లు కండరాల బలానికి వ్యాయామం. గుండె ఆరోగ్యానికైతే వారానికి మూడుసార్లు 30 నిమిషాలు. నేను పొద్దున్నే ఎండ ముదరక ముందు మా వీధిలో కుర్చీ తోసుకుంటూ తిరుగుతాను. ఎత్తు వచ్చిన చోట ఇప్పటికీ ఆయాసమే.

జాగ్రత్తలూ ఉన్నాయి. వైద్యుణ్ణి అడగకుండా మొదలుపెట్టకూడదు. కదలని కాళ్లలో ఎముకలు పలచబడతాయి కనుక మొరటుగా వంచకూడదు. దెబ్బ ఛాతీ పైభాగంలోనో మెడలోనో తగిలినవారికి ఒక్కసారిగా రక్తపోటు పెరిగి, తలనొప్పి, చెమటలు రావచ్చు. మూత్రాశయం నిండిపోవడం దానికి తరచుగా ఉండే కారణం. అది అత్యవసర పరిస్థితి.

మన ఊరికి విలువిద్య కొత్త కాదు. 1996 నుంచి టాటా ఆర్చరీ అకాడమీ ఇక్కడే ఉంది. వెన్ను దెబ్బ తిన్నవారి ఆటల చరిత్ర కూడా బాణంతోనే మొదలైంది. ఇంగ్లండులో స్టోక్ మాండవిల్ ఆసుపత్రి డాక్టరు లుడ్విగ్ గుట్‌మన్ ఆటనే వైద్యంగా వాడారు. 1948 జూలై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజే, చక్రాల కుర్చీల్లో ఉన్న 16 మందికి అక్కడ విలువిద్య పోటీ పెట్టారు. తరువాతి రోజుల్లో పారాలింపిక్స్ అయింది అదే. 1965 యుద్ధంలో తూటాలు తిన్న మన మురళీకాంత్ పేట్కర్ గారు చికిత్సగా ఈత మొదలుపెట్టి, 1972లో హైడెల్‌బర్గ్‌లో భారతదేశానికి తొలి పారాలింపిక్ స్వర్ణం తెచ్చారు. ఆయన పూణే టెల్కోలో ఉద్యోగం చేసినవారే.

నేను పతకం తేలేదు. కౌంటరుకి తిరిగి వచ్చాను. ప్రభుత్వ సంస్థల్లో ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవారిని తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు అని 2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షను చెబుతోంది. ఈ సంగతి ప్రతి ఉద్యోగి ఇంట్లోనూ తెలిసి ఉండాలి. చట్టం కుర్చీ నిలిపింది. అందులో రోజంతా కూర్చునే ఓపిక వ్యాయామం ఇచ్చింది. పావుగంటకోసారి చేతులు ఆనించి పైకి లేస్తూంటాను. కొత్త కస్టమర్లు నేను లేచి వెళ్లిపోతున్నాననుకుని కంగారుపడతారు!

ఆశ వదులుకోమని నేను చెప్పను. వెన్నుపాము పూర్తిగా తెగనివారిలో కొందరు మళ్లీ నడుస్తారు. వైద్యం మానకండి. కానీ నడక వచ్చే దాకా బతుకుని ఆపకండి.

మీ ఇంట్లో గానీ, మీకు తెలిసినవారింట్లో గానీ ఇలాంటివారుంటే మూడు పనులు చెయ్యండి. రోజూ అద్దంతో చర్మం చూసుకోమని గుర్తుచెయ్యండి. వారు చేసుకోగల పని, ఆలస్యమైనా వారినే చెయ్యనివ్వండి. “ఎప్పుడు నడుస్తావు?” అని అడగకుండా, “ఇవాళ ఏం చేశావు?” అని అడగండి.

ఇవాళ నేనేం చేశానంటారా? పొద్దున్న మా అమ్మకి టీ పెట్టి ఇచ్చి వచ్చాను.