కప్పునకు సొమ్ము కలదు, గురువునకు లేదా?

(మన సంఘ సమావేశమునందు బాలుర ఫుట్‌బాలు జట్టును గూర్చి చేసిన ఉపన్యాస పాఠము)



ఈ సాయంకాలము బాలురకు బహుమతులిచ్చి నాలుగు మంచి మాటలు చెప్పవలసినదని కార్యవర్గమువారు మమ్ము కోరిరి. బహుమతులిచ్చుట ముగిసినది. చప్పట్లును ముగిసినవి. మంచి మాటలకు మారుగా మేమొక లెక్క చెప్పుదుము. వర్తకులము గనుక మాకు చేతనైనది అదియే.

మొన్న రాత్రి సంఘపు చిట్టా తీసి జట్టు పేర వ్రాసిన ఖర్చులు చూచితిమి. వెండి కప్పునకు ఒక పద్దు, చొక్కాలకు ఒక పద్దు, శామియానాకు, శాలువలకు, ఫలాహారములకు, ఫొటోలకు వేరువేరు పద్దులు ఉన్నవి. శిక్షకుని పేర ఒక్క పద్దును లేదు. పుట తిరుగవేసితిమి, అంతకు ముందటి సంవత్సరమునందును లేదు.

రెండు సంవత్సరములు తెల్లవారక మునుపే మైదానమునకు వచ్చి, మన పిల్లలచేత పరుగులు పెట్టించి, దెబ్బ తగిలినవానిని తన సైకిలుపై ఇంటికి చేర్చిన యువకుని మీరందరు ఎరుగుదురు. మొన్నటి వేసవిలో అతడు బ్రతుకుతెరువు వెదకికొనుచు పరస్థలమునకు వెడలిపోయెను. పోవునాడు మా అంగడికి వచ్చి చెప్పిపోయెను. మేమతనికి టీ ఇప్పించి, "మరల రావయ్యా" అంటిమి. "నీకేమి కావలెను?" అని మాత్రము అడుగలేదు. ఆ తప్పు మాది; మరియొకరిపై వేయుటకు వీలులేదు. అతడు పోయిన పిదప మైదానమునకు వచ్చు పిల్లలు సగమైరి. వచ్చువారును తమలో తామే ఆడుకొని పోవుచున్నారు. తప్పు దిద్దువాడు లేడు.

ఒక శిక్షకుడుండుటచే ఏమగునో మన పెద్దలు ఎరుగనిది కాదు. 1956 నవంబరు 1 వరకు ఈ రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రములోనిదే గదా. ఆనాటి మన రాజధానియందు సయ్యద్ అబ్దుల్ రహీమ్ అను బడిపంతులు ఉండెను. ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, అక్కడి జట్టున ఆడి, పిదప నగరములోని పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా పనిచేసెను. 1943లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శి అయ్యెను. 1950లో నగర పోలీసు జట్టు శిక్షణభారము వహించెను. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరములు బొంబాయి రోవర్సు కప్పు గెలిచెను.

ఆయన బోధనావిధానము బడిపంతులు విధానమే. ఒంటరిగా బంతిని దొర్లించుకొని పోవుటయే ఆటయని పిల్లలు తలచుచుండగా, అట్లు దొర్లింపరాదను నియమముతో పోటీలే ఏర్పరచెను. కుడికాలి అలవాటున్నవాడు ఎడమకాలితోనే తన్నవలెనని మరికొన్ని పోటీలు పెట్టెను. అక్షరము కుదురనివానిచేత పలకపై మరల మరల దిద్దించుట వంటిదే ఇది. ఇందులకు వెండి కప్పు పని లేదు. ఓపిక గల మనిషియు, ప్రతిదినము రెండు గంటల కాలమును కావలెను.

ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలయందు ఇరానును 1–0 గోళ్లతో ఓడించి స్వర్ణపతకము గెలిచెను. మన జిల్లా మైసూరు రాష్ట్రమున చేరిన సరిగా నెల దినములకు, 1956 డిసెంబరు 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్సులో ఆ జట్టు ఆస్ట్రేలియాను 4–2 గోళ్లతో ఓడించెను. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోళ్లు చేసెను. ఆ క్రీడలయందు మనకు నాలుగవ స్థానము లభించినది.

1962లో జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీముగారు క్యాన్సరు వ్యాధిగ్రస్తులు. మొదటి ఆటలోనే జట్టు దక్షిణ కొరియా చేతిలో 0–2గా ఓడెను. ప్రేక్షకులు మనవారికి ప్రతికూలముగా కేకలు వేయుచుండిరి. అయినను సెప్టెంబరు 4న తుదిపోటీలో అదే కొరియాను 2–1గా ఓడించి స్వర్ణము తెచ్చిరి. తలకు గాయమైన జర్నైల్ సింగును రక్షణస్థానము నుండి ముందువరుసకు పంపగా, అతడొక గోలు చేసెను. రెండవది పి.కె. బెనర్జీ చేసెను. మరుసటి సంవత్సరము జూన్‌లో రహీముగారు కాలధర్మము చెందిరి. 2024లో వచ్చిన 'మైదాన్' చలనచిత్రము ఆయన కథయే.

గురువు పోయినను విద్య పోలేదు. 1962 జట్టులో ఆడిన అరుణ్ ఘోష్ తరువాత తానే శిక్షకుడయ్యెను. 1974లో బ్యాంకాకునందు జరిగిన ఆసియా యువజన పోటీలకు మన దేశపు యువకుల జట్టును ఆయనయే తీర్చెను. ఆ జట్టు ఇరానుతో 2–2గా సమానముగా నిలిచి ఉమ్మడి విజేత అయ్యెను. దానికి నాయకుడు హైదరాబాదు బాలుడైన షబ్బీర్ అలీ. అప్పటికి వాని వయస్సు పదునెనిమిది. ఆ పిమ్మట అతడును శిక్షకుడే అయ్యెను. రహీముగారి కుమారుడు సయ్యద్ షాహిద్ హకీమ్ 1960 రోము ఒలింపిక్ జట్టునందుండి, తరువాత అంతర్జాతీయ రిఫరీగాను, శిక్షకుడుగాను పనిచేసి, 2021లో మన పొరుగున కలబురగిలో కన్నుమూసెను. ఒక దీపముతో మరియొక దీపము వెలిగించిన రీతి ఇది. మొదటి దీపమున నూనె పోయువారు లేకున్న తక్కినవి వెలుగునా?

ఇక కార్యవర్గమున వచ్చిన ఆక్షేపణ ఒకటి కలదు. "మనది భాషాసంఘము. మన సొమ్ముతో నడచు జట్టున పరభాషల పిల్లలేల?" అని కొందరు పెద్దలు అడిగిరి. వారిపై మాకు గౌరవము కలదు. వారి భయమును మేమెరుగుదుము. తాతల నాడు వచ్చి నిలిచిన మనము, ఇంట తెలుగు నిలుపుకొనుటకు ఎంత శ్రమపడుచున్నామో ఎరుగుదుము. ఆ పని మన గ్రంథాలయమున, మన ఆదివారపు తెలుగు తరగతిలో జరుగవలెను. ఇంకను శ్రద్ధగా జరుగవలెను. మైదానమున మాత్రము, ఖాళీగా నిలిచినవానికి బంతి అందింపుమని శిక్షకుడు చెప్పును. వాని ఇంటిభాష ఏదో కనుగొనుమని చెప్పడు. రహీముగారు చేరదీసిన తులసీదాస్ బలరామ్ సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడలో, బీద తమిళ కుటుంబమున పుట్టినవాడు. 1962 జట్టులో బెంగాలీలు, పంజాబీలు కలిసి ఆడిరి.

మరియొక మాట, కష్టమైనను చెప్పక తప్పదు. వెడలిపోయిన మన శిక్షకుని ఇంటిభాష కన్నడము. మన పిల్లలను అదలించుటకు, ఓదార్చుటకు అతడు తెలుగు నేర్చెను. మన చిట్టాలో అతని పేర పద్దు లేకుండుటకు, "మనవాడు కాడు" అను తలంపు మన మనస్సులలో ఎక్కడనో దాగియుండుటయే కారణమా? మమ్ము మేము ఈ ప్రశ్న అడిగికొంటిమి. లేదని గట్టిగా చెప్పలేకపోతిమి.

కావున మా మనవి మూడు మాటలలో ముగింతుము. ఈ సంవత్సరము క్రొత్త కప్పు కొనవలదు. ఉన్నదానినే తుడిచి త్రిప్పుదము. ఆ సొమ్మునకు గంజులోని మన వర్తకులు నెలనెల కొంత చేర్చి, శిక్షకునకు నెల మొదటి తేదీననే జీతమీయవలెను. అడిగించుకొని ఇచ్చునది జీతము కాదు. జట్టున పదునాలుగేండ్ల లోపు బాలురు ఏ ఇంటివారైనను చేరవచ్చునని నియమము వ్రాయవలెను.

చిట్టాలో మొదటి పద్దు మేమే వ్రాసి వచ్చితిమి. ఆ యువకునకు జాబును వ్రాసితిమి. అతడు వచ్చునో రాడో అతని యిష్టము. వచ్చిన యెడల ఈ మారు టీతో సరిపుచ్చము. రాని యెడల, అతని స్థానమున వచ్చువానికైనను మనము ఋణపడకుండ నుండవలెను.