తేనె సంస్థ జమాఖర్చులు

తేనె మన యిండ్లలో చూర్ణములకు అనుపానము. దేవునికి పంచామృతములలో ఒకటి. దానిని అమ్మి కోట్లు గడించినదియు, దాని వలననే కోట్లు పోగొట్టుకొన్నదియు ఒకే సంస్థ యగుట యెట్లు? న్యూజీలాండు దేశములోని కాంవిటా సంస్థ చరిత్రము ఇందుకు మంచి ఉదాహరణము. ఆ సంస్థ 2019లో భారీ నష్టము చూపినది. 2021లో లాభములోనికి వచ్చి, కోలుకొన్నదని పేరు పొందినది. 2024లో మునుపటికన్న పెద్ద నష్టములో పడినది. ఒక సంస్థ నిజముగా కోలుకొన్నదని ఎప్పుడు నమ్మవలెను? ఈ ప్రశ్న వాటాలు కొనువారికే గాక, ఆ సంస్థకు తేనె పోసి బ్రతుకు కుటుంబములకు కూడ ముఖ్యమైనది.

ఈ సంస్థను 1974లో క్లాడ్ స్ట్రాట్‌ఫర్డ్, అలన్ బూగెన్ అను ఇరువురు ప్రారంభించినారు. బే ఆఫ్ ప్లెంటీ అను ప్రాంతమున పేంగరోవా అను చిన్న ఊరు దీనికి నెలవైనది. అప్పటికి స్ట్రాట్‌ఫర్డ్‌గారు అరువది యేండ్లు దాటినవారు. మన దేశములో అది ఉద్యోగులు పింఛను పుచ్చుకొని రామకోటి వ్రాసుకొను వయస్సు.

కాంవిటా సిరులన్నింటికిని మూలము మానుకా అను పొద. ఏటికి కొద్ది వారములు మాత్రమే పూచును. ఆ పూల తేనె చిక్కగా, ముదురు రంగుతో, కొంచెము చేదుతో ఉండును. వైకాటో విశ్వవిద్యాలయమున ఆచార్య పీటర్ మోలన్ 1980 దశాబ్దములో దీనిని పరిశోధించి, ఇతర తేనెలలో కనబడని క్రిమినాశక శక్తి దీనియందు కలదని చూపినారు. ఆ శక్తికి కారణము మిథైల్‌గ్లయాక్సాల్ అను పదార్థమని 2008లో జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రజ్ఞులు వెల్లడించినారు. మానని పుండ్లపై కట్టుగా శుద్ధిచేసిన మానుకా తేనెను వైద్యులు వాడుచున్నారు. అయితే పుండుపై వేయుట వేరు, చెంచాతో తినుట వేరు. తినుటవలన కలుగు మేలునకు అంత గట్టి ఋజువులు లేవు. ధర మాత్రము తినువారే యిచ్చుచున్నారు.

ఇచట ఒక విచిత్రమున్నది. మిథైల్‌గ్లయాక్సాల్ పువ్వులోని మకరందములో ఉండదు. మకరందములో డైహైడ్రాక్సీ అసిటోన్ అను మరియొక పదార్థముండును. తేనెను పీపాలలో నిలువ చేసిన కొలది అది నెమ్మదిగా మారి మిథైల్‌గ్లయాక్సాల్ అగును. అనగా మానుకా తేనె కొంతకాలము నిలువయున్నచో దాని శ్రేణి పెరుగును. శ్రేణితో పాటు ధర పెరుగును. గుంటూరు శీతల గిడ్డంగిలో మిరపబస్తాలు దాచి ధరకై ఎదురుచూచు రైతునకు మంచిధర వచ్చునను ఆశ ఒక్కటే యుండును. తేనె వ్యాపారికి సరకే మెరుగగునను శాస్త్రాధారము కూడ కలదు. అందువలన నిలువ చేయుట లోభముగా గాక వివేకముగా తోచును. కాని ఈ వృద్ధికి హద్దు కలదు. మితిమీరి నిలువ చేసినను, వేడి తగిలినను తేనె చెడును. అప్పుపై వడ్డీకి మాత్రము అట్టి హద్దు లేదు. అది పీపాలో ఏమి జరుగుచున్నదో చూడక పెరుగుచునే యుండును.

ఆస్తి అప్పుల పట్టికలో ఈ పీపాలు ఆస్తి క్రింద చేరును. తేనెకు పెట్టిన ఖర్చెంతయో అంత విలువ వ్రాయుదురు. బజారులో దాని ధర ఆ ఖర్చుకన్న తగ్గినచో, తగ్గినంత మేర విలువ కొట్టివేయవలెను. ఆ కొట్టివేత నష్టముగా వచ్చి పడును. కనుక నిండిన గిడ్డంగి ఒకనాడు సంపదగాను, మరునాడు గండముగాను కనబడవచ్చును. పీపాలు అవే, తేనె అదే.

2016 వరకు కాంవిటా వేగముగా ఎదిగినది. న్యూజీలాండు, ఆస్ట్రేలియాలలోని చైనా విద్యార్థులు, ప్రవాసులు దుకాణములలో తేనె సీసాలు కొని, స్వదేశమునకు పంపి, కొంత లాభమునకు అమ్మెడివారు. సంస్థ అమ్మకములలో చెప్పుకోదగిన భాగము ఈ దొడ్డిదారిన సాగినది. 2016లో చైనా ప్రభుత్వము ఇట్టి సరకులపై పన్ను నియమములు మార్చగా ఆ దారి ఇరుకైనది. దానికి తోడు 2016-17లో మానుకా పూచు వేళ వానలు, చలిగాలులు పట్టుకొన్నవి. వానలో తేనెటీగ పెట్టె దాటి రాదు. పంట పోయినను పెట్టెలను సాకవలెను, కొండలపైకి చేరవేయవలెను, జీతములు ఇయ్యవలెను. 2019 జూన్‌తో ముగిసిన సంవత్సరమున సుమారు 2 కోట్ల 77 లక్షల న్యూజీలాండు డాలర్ల నష్టము తేలినది.

2020 జనవరిలో డేవిడ్ బాన్‌ఫీల్డ్ అధిపతిగా వచ్చినారు. ఆయన చేసిన పనిలో ఇంద్రజాలమేమియు లేదు. పలు సరకులపై చెదరిన దృష్టిని మానుకా తేనె, ప్రొపోలిస్ అను రెండింటిపై నిలిపినారు. ప్రొపోలిస్ అనగా తేనెటీగలు చెట్ల జిగురుతో చేసి తుట్టెలోని సందులు పూడ్చుకొను మైనము వంటి పదార్థము. ఖర్చులు తగ్గించినారు, చైనా, ఉత్తర అమెరికా విపణులపై శక్తిని కేంద్రీకరించినారు. అదే సమయమున కరోనా వ్యాధి ప్రబలి, జనులు ఆరోగ్యమునకని తేనె సీసాలు విరివిగా కొన్నారు. నష్టము 2020లో సుమారు 97 లక్షలకు తగ్గి, 2021లో 95 లక్షల లాభముగా మారినది. 2022లో లాభము 1 కోటి 28 లక్షలైనది.

పత్రికలు ఈ అంకెలను చూచి మెచ్చుకొన్నవి. మేము మాత్రము శ్రోతల దృష్టిని మరియొక అంకెపైకి త్రిప్పదలచితిమి. 2020లోనే సంస్థ కొత్త వాటాలు జారీచేసి సుమారు 5 కోట్ల డాలర్లు సేకరించినది. బాంకుల అప్పు తగ్గుటకు ఆ ధనమే ముఖ్య కారణము. అప్పు తీరుట మంచిదే. కాని తేనె అమ్మిన సొమ్ముతో తీర్చుట వేరు, వాటాదారులు మరల తెచ్చి పోసిన సొమ్ముతో తీర్చుట వేరు. ఒక కుటుంబ యజమాని మామగారిచ్చిన ధనముతో అప్పు తీర్చి, వ్యవసాయము కలిసివచ్చినదని చెప్పినచో ఊరివారు నవ్వుదురు. సంస్థ అట్లు చెప్పినదని మా మాట కాదు. పట్టిక చదువువారు అట్లు చదివినారని మా అభిప్రాయము. సొంత అమ్మకముల నుండి రొక్కము మిగులుచున్నదా, గిడ్డంగిలో సరకు తరుగుచున్నదా అను రెండు ప్రశ్నలకు లాభపు అంకె ఒక్కటియే జవాబు చెప్పజాలదు.

ఇంతలో దేశమంతట తేనె పెల్లుబికినది. మానుకాకు బంగారపు ధర పలుకుట చూచి ఎందరో ఈ వృత్తిలోనికి దిగినారు. 2019లో న్యూజీలాండులో నమోదైన తేనెటీగల పెట్టెలు 9 లక్షలు దాటినవి. 2019-20 ఋతువులో పంట సుమారు 27,000 టన్నులు. ఎగుమతియగు మానుకా తేనెకు నాలుగు రసాయన పరీక్షలు, ఒక డి.యన్.ఎ. పరీక్ష తప్పనిసరియని ప్రభుత్వము 2018లోనే శాసించినది. దానివలన పేరునకు మర్యాద దక్కినది గాని, నిలువలు తగ్గలేదు. అందరి గిడ్డంగులలోను పీపాలు పేరుకొన్నవి.

కాంవిటా 2023లో సింగపూరులోని హనీవరల్డ్ అను తేనె దుకాణముల సంస్థను కొన్నది. కోలుకొన్న మనిషి దూరప్రయాణమునకు బయలుదేరినట్లున్నది ఇది. ఆ తరువాత చైనాలో కొనుగోళ్లు మందగించినవి. నిలువల బరువు మోయలేని ఇతర వ్యాపారులు వచ్చిన ధరకు తేనె తెగనమ్మసాగినారు. 2024 జూన్‌తో ముగిసిన సంవత్సరమున కాంవిటా నష్టము 7 కోట్ల 74 లక్షల డాలర్లు. ఇందులో అధిక భాగము చేతినుండి ఆ యేడు పోయిన రొక్కము కాదు. పట్టికలోని ఆస్తుల విలువను కొట్టివేసినది. వెనుకటి యేండ్లలో ఎక్కువగా వ్రాసుకొన్న విలువనే ఇప్పుడు తుడిచినారు. ఆ లెక్కన 2021, 2022 లాభములు ఎంతవరకు లాభములో ఆలోచింపదగియున్నది. బాన్‌ఫీల్డ్ వైదొలగినారు. పూర్వము చాలకాలము అధిపతిగా ఉండిన బ్రెట్ హ్యూలెట్ తాత్కాలికముగా ఆ భారము తిరిగి వహించినారు. మరుసటి సంవత్సరము, 2025లో, నష్టము 10 కోట్లు దాటినది.

ఈ పతనమును వాటాదారులు కాగితముపై చూచినారు. తేనెటీగలు పెంచువారు కొండవాలులలో చూచినారు. మంచి రోజులలో హెలికాప్టర్లతో పెట్టెలను కొండలపైకి చేర్చినవారు, తేనె కొను నాథుడు లేక పెట్టెలు అమ్మజూపినారు. కొనువారును అదే స్థితిలో ఉండిరి. 9 లక్షలు దాటిన పెట్టెల లెక్క 2019 తరువాత తగ్గుముఖము పట్టినది. మానుకా మాత్రము ఏటి వేళకు పూచుచునే యున్నది.