చేయి బిడ్డకు, సంచి భుజానికి

(మన సంఘం వార్షిక సమావేశంలో, కుటుంబ సభ్యులతో కలిసి జరుపుకొన్న మధ్యాహ్న కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను మాట్లాడమన్నప్పుడు పెన్షను గురించి మాట్లాడతాననుకొని ఉంటారు. దాని గురించి మాట్లాడగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను సంచి గురించి మాట్లాడదలచుకున్నాను. నవ్వకండి. చిన్నపిల్లలతో ఒక పూట ఎక్కడికైనా పోయివచ్చేటప్పుడు ఎటువంటి సంచి పట్టుకుపోవాలన్నదే నా విషయం. ఇది పెద్ద విషయమని నాకు ఒక చెడ్డ నిమిషం నేర్పింది. ముందు ఆ సంగతి మనవి చేస్తాను.

2019 వేసవి సెలవుల్లో కొడుకు, కోడలు పిల్లలతో ఊరికి వచ్చారు. అందరం మహానంది పోయినాము. మనవడికి ఆరేళ్లు, మనవరాలికి మూడేళ్లు. నా చేతుల్లో ఏమున్నాయంటారా? కుడిచేతిలో ప్లాస్టిక్ వైరు బుట్ట, అందులో చిత్రాన్నం క్యారియరు, నీళ్ల సీసాలు. ఎడమచేతిలో బట్టల దుకాణంలో ఇచ్చిన గుడ్డ సంచి. అదిగాక వేలికి తగిలించుకున్న ఒక క్యారీబ్యాగు. స్నానాలైనాయి. ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి పోయినారు. కొడుకు పూజ టికెట్లకు పోయినాడు. పిల్లలిద్దరూ నా దగ్గర, కోనేటి మెట్లమీద.

"తాతా, చలేస్తోంది, టవలియ్యి" అన్నాడు పెద్దవాడు. టవలు ఎక్కడుంది? గుడ్డ సంచిలో అడుగున. రెండు చేతులూ సంచిలోకి పోయినాయి, నా తలా సంచిలోకే పోయింది. ఒక చీర తీశాను, ఒక చొక్కా తీశాను. ఎంతసేపు? నిమిషం కూడా కాదు. అప్పుడే ఎవరో ఆడమనిషి గొంతు గట్టిగా వినబడింది: "ఏంది పెద్దాయనా, సంచిలో ఏం ఎతుకుతాండావు? పాప నీళ్లలోకి పోతాంది!"

తల ఎత్తేసరికి ఆ తల్లి మా పాపను గౌను పట్టుకొని వెనక్కు లాగుతోంది. మహానంది నీళ్లు మీకు తెలుసు. ఏడాది పొడుగునా ఊరే ఊట నీళ్లు. అడుగున పడిన రూపాయి బిళ్ల కూడా కనబడేంత తేట. తేటనీళ్లు లోతును తక్కువ చేసి చూపిస్తాయి. బిడ్డ ఆ బిళ్ల కోసమే దిగింది. పెద్దలకే రొమ్ము దాటే లోతు అది. దైవం మేలు చేసింది, ఏమీ కాలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తప్పు కోనేటిది కాదు, బిడ్డది కాదు. తప్పు నా సంచిది, ఆ సంచిని పట్టుకున్న నాది.

ఆ రాత్రి నాకు గుర్తొచ్చింది మన కండక్టరు తోలుసంచి. మిత్రులారా, ఆ సంచితో ముప్పై ఏళ్లు బ్రతికినాము. అది భుజం మీదుగా అడ్డంగా వేలాడి పొట్టమీదికి ఉండేది. రెండు చేతులూ ఖాళీ. ఒక చేతిలో టిక్కెట్ల ట్రే, ఇంకో చేతితో పైన కడ్డీ పట్టుకొనేవాళ్లం. నోట్లు ఒక అరలో, చిల్లర ఇంకో అరలో. ఘాట్ రోడ్డులో రాత్రిపూట, లైటు సరిగా లేని బండిలో కూడా చిల్లరకోసం సంచిలోకి చూసిన కండక్టరు ఉన్నాడా? కన్ను ప్యాసింజరు మీద, వేలు చిల్లర మీద. అంత తెలిసినవాణ్ణి, నా మనవరాలి వంతు వచ్చేసరికి వైరు బుట్ట పట్టుకుపోయినాను!

కాబట్టి నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మంచి సంచి అంటే ఎక్కువ సామాను పట్టేది కాదు. మన చేతులను, మన కళ్లను బిడ్డకోసం ఖాళీగా ఉంచేదే మంచి సంచి. మిగిలినవన్నీ దీనికి లోబడినవే.

మన చుట్టుపక్కల మనం పోయే చోట్లు తలచుకోండి. బెలుం గుహలు 2002లో యాత్రికులకు తెరిచారు. మొత్తం పొడవు 3,229 మీటర్లు, మనం తిరగగలిగేది ఒకటిన్నర కిలోమీటరు. మెట్లు దిగాలి, కొన్నిచోట్ల వంగి నడవాలి, లోపల ఉక్క. అక్కడ చేసంచి పట్టుకుంటే మెట్టు మెట్టుకూ మోకాలికి తగులుతుంది. గండికోటలో పెన్నానది లోయ అంచున బండలమీద నిలబడి చూస్తాము. అక్కడ పిల్లవాడి మణికట్టు మన పిడికిట్లో ఉండవలసిందే. యాగంటిలో కాకి కనబడదంటారు గానీ కోతులకు మాత్రం కొదవ లేదు. అహోబిలంలోనూ అంతే. అరటిపండ్లు బయటికి కనబడే కవరు చేతిలో ఉంటే అది మనది కాదు, కోతిది. అది లాగేటప్పుడు పక్కనున్న బిడ్డ జడుసుకొని పడితే పండ్లతో పోయేది కాదు.

ఇక బస్సు సంగతి. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకంతో మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు డబ్బులు లేవు. అవ్వలు, కోడళ్లు పిల్లలతో తిరగడానికి మంచి అవకాశం. అయితే గుర్తింపు కార్డు చూపించాలి. బస్సు కదులుతుంటే బిడ్డను చంకలో పెట్టుకొని సంచి అడుగునుంచి ఆధార్ కార్డు తీయడం ఎంత అవస్థో నిలబడి టికెట్లు కొట్టిన మనకు తెలుసు. అందుకే కార్డు, డబ్బు, ఫోను, బి.పి. మాత్రలు పెద్ద సంచిలో వద్దు. వాటికి జానెడు చిన్న సంచి వేరే ఉండాలి. కండక్టరు సంచి మాదిరే అడ్డంగా వేసుకోవాలి.

పెద్ద సంచి మాత్రం వీపుకు వేసుకొనేదే తీసుకోండి. కాలేజీ పిల్లలు వేసుకొనేది మనకు ఎందుకని సిగ్గుపడకండి. రెండు పట్టీలు ఉంటే బరువు రెండు భుజాలకూ సమానంగా పడుతుంది. ఒక్క భుజానికే వేలాడే పెద్ద సంచి మన వయసులో మెడనొప్పికి దారి. చక్రాల పెట్టె రైల్వే ప్లాట్‌ఫారం మీద బాగుంటుంది, గుడి మెట్లమీద, కంకర దారిలో అది మనల్ని లాగిస్తుంది.

దుకాణంలో రంగు చూసి కొనకండి. నేను చేసిన పరీక్షలు చెబుతాను. మొదటిది బరువు. ఖాళీ సంచే కిలో బరువుంటే వద్దనండి. రెండోది, సంచిని నేలమీద నిలబెట్టండి. అడుగు వెడల్పుగా ఉండి తనంతట తాను నిలబడాలి. ఒరిగిపోయే సంచిని పట్టుకోవడానికి ఒక చేయి పోతుంది. మూడోది, కళ్లు మూసుకొని ఒక్కచేత్తో జిప్పు తీసి వేయండి. జిప్పు కొస వేలికి దొరకాలి, మధ్యలో ఇరుక్కోకూడదు. నాలుగోది, దుకాణదారు ఏమనుకున్నా సరే, రెండు నీళ్ల సీసాలు అందులో పెట్టి భుజాన వేసుకొని ఒకసారి కూర్చొని లేవండి. పట్టీలు వెడల్పుగా, మెత్తగా ఉంటే తెలుస్తుంది. సన్నని పట్టీ ఐదు నిమిషాల్లోనే భుజాన్ని కోస్తుంది. లోపలి గుడ్డ లేతరంగుది అయితే మంచిది. నల్లటి సంచిలో నల్లటి జేబు కనబడదు. పట్టీ కుట్టినచోట అడ్డకుట్టు వేశారా చూడండి, తెగేది అక్కడే.

నీళ్ల మాట మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. మే నెలలో కర్నూలు, నంద్యాల, కడపల్లో ఎండ 43, 44 డిగ్రీలకు పోవడం మనకు కొత్త కాదు. పిల్లలు దాహమని అడగరు, ఆటలో మరిచిపోతారు. మనమే గుర్తుచేసి తాపాలి. కాబట్టి నీళ్ల సీసా సంచి బయట పక్కజేబులో, చేయి వెనక్కు పెడితే అందేచోట ఉండాలి. వెనకటికి మన పెద్దలు మరచెంబు చేతికి తగిలించుకొని పోయింది ఇందుకే. అయితే లీటరు నీళ్లంటే కిలో బరువని మరవకండి. నాలుగు లీటర్లూ తాత వీపుమీదే పెట్టవద్దు. కొడుకు రెండు, కోడలు ఒకటి, తాత ఒకటి అని పంచండి. ఖాళీ అయినప్పుడు నింపుకోండి.

ఓ.ఆర్.ఎస్. పొట్లాలు రెండు బయటి జేబులో ఉంచండి. పొట్లం మీద ఎన్ని నీళ్లని రాసి ఉందో అన్నిట్లోనే కలపాలి. పెద్ద పొట్లమైతే లీటరు నీళ్లకు. కలిపినది ఒక రోజుకు మించి ఉంచకూడదు. తియ్యటి పానీయాలకు ఓ.ఆర్.ఎస్. అని పేరు పెట్టి అమ్మడంపై హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడరాదని ఆదేశించింది. కాబట్టి కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనదని రాసి ఉందో లేదో చూడండి.

సర్దడం మా ఇంటావిడ దగ్గర నేర్చుకున్నాను. పాత చీరలు చించి నాలుగు చిన్న సంచులు కుట్టింది. పచ్చది పిల్లల బట్టలకు, ఎర్రది టవళ్లకు, నీలంది తిండికి, తడిబట్టలకు మాత్రం నీళ్లు కారని రెగ్జిన్ సంచి. చిన్న సంచుల తాళ్లకు ముడులు కూడా వేసింది. ఒక ముడి ఉంటే బట్టలు, రెండు ముడులుంటే టవళ్లు. చూడకుండా చేయి పెడితే తెలుస్తుంది. నేను ముప్పై ఏళ్ల సర్వీసులో నేర్చుకున్న విద్యను ఆమె ఒక్క పూటలో కుట్టేసింది! ముందు కావలసింది పైన, చివర కావలసింది అడుగున. తిండి విషయంలో బొరుగులు, చెనిక్కాయల ఉంటలు ఎండకు చెడవు. పెరుగన్నం అయితే పొద్దున్నే తినేయాలి.

పలుచటి క్యారీబ్యాగుల మీద ఆధారపడవద్దు. 120 మైక్రాన్ల కంటే పలుచనివి 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతటా నిషేధం. చట్టం మాట అటుంచి, వేలికి తగిలించుకున్న ప్రతి కవరూ బిడ్డను పట్టుకోవలసిన వేలిని కాజేస్తుంది.

పిల్లలు తమకూ ఒక సంచి కావాలంటారు. ఇవ్వండి, ముచ్చట పడతారు. అయితే బరువు చూడండి. ఆర్.కె. నారాయణ్ గారు 1989లో రాజ్యసభలో మాట్లాడింది పిల్లల పుస్తకాల సంచి బరువు గురించే. 2020లో కేంద్రం తెచ్చిన విధానం బడి సంచి పిల్లవాడి బరువులో పదోవంతుకు మించరాదంది. విహారానికి అందులో సగం చాలు. ఒక బొమ్మ, ఒక టోపీ, చిన్న నీళ్ల సీసా. అందులో ఇంటివాళ్ల ఫోను నంబరు రాసిన చీటీ తప్పకుండా పెట్టండి. పిల్లవాడు సంచి ఎక్కడైనా పడేయవచ్చు, అందుకని ఇంకో చీటీ చొక్కా జేబులో కూడా ఉండాలి. పేరు మాత్రం సంచిమీద పెద్దక్షరాలతో రాయకండి. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే పిల్లలు తెలిసినవాళ్లే అనుకొని వెంట పోతారు.

ఇంత చేసినా చివరికి ఒక నియమం ఉంది. నీళ్లు, లోయ, రోడ్డు, ఈ మూడింటి పక్కన సంచి తెరవకూడదు. తెరవవలసి వస్తే ముందు "పాపను నువ్వు చూడు" అని ఇంకొకరికి నోటితో చెప్పి, వాళ్లు "సరే" అన్న తర్వాతే తెరవాలి. డ్యూటీ దిగేటప్పుడు వచ్చే కండక్టరుకు లెక్క అప్పజెప్పకుండా మనం దిగినామా? ఇదీ అంతే. మనలో ఎవరో ఒకరు చూస్తున్నారులే అని అందరమూ అనుకొన్నప్పుడే ఎవరమూ చూడము.

మంచి సంచికి వేలు పోయనక్కరలేదు. ఇంట్లో పిల్లలు వాడి వదిలేసిన కాలేజీ సంచి గట్టిగా ఉంటే దానికే కొత్త పట్టీలు కుట్టించుకోండి. నేను వాడుతున్నది అటువంటిదే.

మహానందిలో మా పాపను పట్టుకొన్న తల్లి ఎవరో నాకు తెలియదు. కంగారులో ఆమె ఊరు కూడా అడగలేదు. ఆమె చేతిలో ఏ సంచీ లేదు, అందుకే ఆ చేయి సమయానికి అందింది. ఆమెకు ఈ వేదిక నుంచి నమస్కరిస్తున్నాను.  సాయంత్రం బస్సెక్కేటప్పుడు ఒక్కసారి మీ చేతులు చూసుకోండి. సెలవు.