లే ఫో: పారిస్‌లో కూర్చుని గీసిన హనోయ్

వియత్నాం చిత్రకారుడి గురించి మాట్లాడతానంటే ఒక మిత్రుడు "మనవాళ్ళెవరూ దొరకలేదా?" అన్నాడు. దొరక్కేం! కానీ ఊరు విడిచి వచ్చినవాడు ఆ ఊరిని ఎలా గీస్తాడు అన్న ప్రశ్న నాకు చాలాకాలంగా ఉంది. దానికి లే ఫో బొమ్మల్లో దొరికినంత జవాబు నాకింకెక్కడా దొరకలేదు.

లే ఫో 1907లో హనోయ్‌లో పుట్టాడు. తండ్రి ఉత్తర వియత్నాంలో రాజప్రతినిధిగా పనిచేసిన పెద్ద అధికారి. ఇల్లు గొప్పదే గాని మూడేళ్ళకు తల్లి, ఎనిమిదేళ్ళకు తండ్రి పోయారు. తర్వాత అతను గీసిన బొమ్మల్లో బిడ్డను ఒడిలో పెట్టుకున్న తల్లి ఎన్నిసార్లు కనబడుతుందో చూసినవారికి ఈ సంగతి గుర్తుకు రాక మానదు.

1925లో ఫ్రెంచి చిత్రకారుడు విక్తోర్ తార్దియూ హనోయ్‌లో కళాశాల తెరిచాడు. మొదటి జట్టు విద్యార్థుల్లో లే ఫో ఒకడు. అక్కడ యూరప్ పద్ధతిలో నూనెరంగులు నేర్పారు, మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి గీయడం నేర్పారు. దాంతోపాటే పట్టు, లక్క వంటి స్థానిక సామగ్రితో కొత్త ప్రయోగాలూ సాగాయి. పరాయి పాలకుల బడిలో కూర్చుని తమ కళను తాము కొత్తగా చూసుకున్నారన్నమాట. పట్టుకు తన స్వభావం ఒకటుంది. రంగు పోగుల్లోకి ఇంకిపోతుంది, నూనెరంగులా మందంగా పైన నిలవదు. ఆ బొమ్మల్లోని నెమ్మది అక్కణ్ణుంచే వచ్చిందని నా నమ్మకం.

1932లో ఉపకార వేతనం మీద పారిస్ వెళ్ళి చదివాడు, పాత ఇటలీ చిత్రకారుల్ని చూశాడు. తిరిగొచ్చి హనోయ్‌లో పాఠాలు చెప్పాడు. 1934లో పెకింగ్ వెళ్ళి చైనా చిత్రాల్ని దగ్గరగా చూశాడు. 1937లో పారిస్ అంతర్జాతీయ ప్రదర్శన పనిమీద మళ్ళీ వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. అప్పటికి ముప్పై ఏళ్ళు. సహపాఠులు మై త్రుంగ్ థూ, వూ కావ్ దామ్ కూడా ఫ్రాన్సులోనే స్థిరపడ్డారు.

ఆ తర్వాత వియత్నాంలో ఏం జరిగిందో మీకు తెలుసు. 1945, 1954, 1975. లే ఫో బొమ్మల్లో ఇవేవీ లేవు. సన్నని మెడ, వంచిన తల, ఆవ్ జాయ్ దుస్తులు, చేతిలో పువ్వు. అదే కళాశాలలో చదివిన తో న్యోక్ వాన్ స్వదేశంలో ఉండి, ప్రతిఘటనలో చేరి, 1954లో ఫ్రెంచి బాంబు దాడిలో చనిపోయాడు. ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి లే ఫో తప్పించుకున్నాడనేవారున్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు.

1963లో అమెరికాలోని ఫిండ్లే గ్యాలరీతో ఒప్పందం కుదిరింది. ఇక పట్టు తగ్గి కాన్వాసు, నూనెరంగులు పెరిగాయి. బొన్నార్ ప్రభావం, పసుపు వెలుగు, గది నిండా పూలు. అందంగానే ఉంటాయి. నాకు మాత్రం చాలావరకు డ్రాయింగు రూములకు తగినట్టు గీసినవనిపిస్తాయి. అయితే ఆ పూల మధ్య కూర్చున్న అమ్మాయి మాత్రం 1930ల నాటి హనోయ్ అమ్మాయే. ఆయనకు వయసు పైబడింది, ఆమెకు ఒక్క ఏడూ పెరగలేదు.

నేను ఆదివారాలు పిల్లలకు బొమ్మలు నేర్పుతుంటాను. "మీ ఊరు గీయండి" అంటే ఇక్కడ పుట్టిన పిల్లలు కూడా కొబ్బరిచెట్టు, బావి, ఎద్దుబండి గీస్తారు. ఆ బావి పూడ్చేశారని వాళ్ళకెవరూ చెప్పలేదు. అది వాళ్ళ నాన్న వదిలొచ్చిన రోజు నాటి ఊరు. లే ఫో ముందు నిలబడినప్పుడల్లా నాకు ఆ బావి గుర్తొస్తుంది. అబద్ధమందామంటే నోరు రాదు, నిజమందామన్నా రాదు.

ఆయన 2001లో పారిస్‌లో 94వ ఏట కన్నుమూశాడు. 2017లో హాంకాంగ్ వేలంలో ఆయన పట్టుచిత్రం ఒకటి పది లక్షల డాలర్లు దాటింది. వియత్నాం చిత్రకళలో ఆ మెట్టెక్కిన మొదటి బొమ్మ అదే. 2024లో పారిస్‌లోని సెర్నుస్కి మ్యూజియం ఆ ముగ్గురు మిత్రుల బొమ్మల్నీ ఒకచోట చేర్చి ప్రదర్శన పెట్టింది. మీకెక్కడైనా ఆయన అసలు పట్టుచిత్రం కనబడితే కాస్త దగ్గరగా వెళ్ళి చూడండి. అచ్చుబొమ్మల్లో తెలియదు గాని, ఆమె బుగ్గ మీద రంగు కింద పట్టు నేత కనబడుతుంది.