లండను నగరమున ఒక విద్యార్థి చిట్టా

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



విద్యకై పరదేశమునకు పోవుట మన పురాణములకు క్రొత్త కాదు. మహాభారతము ఆదిపర్వమున కచుడు మృతసంజీవనీ విద్యకై అసురగురువగు శుక్రాచార్యుని కడకు పోయి, పగవారి నడుమ చిరకాలము శుశ్రూష చేసెను. అసురులు అతనిని చంపిరి. కాల్చి బూడిద చేసి గురువు త్రాగు సురలో కలిపిరి. అయినను విద్య గ్రహించియే మరలి వచ్చెను. వినువారు కచుని తెగువను మెచ్చుకొందురు, దేవయాని దుఃఖమునకు కరగుదురు. కాని కచుని పంపుటకు దేవతలకు ఎంత ఖర్చయ్యెనో, దారిబత్తెము ఎవరిచ్చిరో వ్యాసుడు గాని నన్నయభట్టు గాని చెప్పలేదు. మానవులకు ఆ వెసులుబాటు లేదు. కుమారుని సీమకు పంపదలచిన గృహస్థు మొదట తెరచి చూచుకొనునది తన పెట్టె.

నేడు పల్లెల నుండియు బిడ్డలు ఇంగ్లండునకు, జర్మనీకి, ఐర్లండునకు చదువులకై పోవుచున్నారు. పొలము తాకట్టు పడుచున్నది. ఇల్లాలి బంగారము బ్యాంకి చేరుచున్నది. కావున 1888వ సంవత్సరమున పందొమ్మిదవ యేట ఐరోపాకు పోయిన ఒక విద్యార్థి చదువును లెక్కల పుస్తకము ముందుంచుకొని ఒకమారు తిరుగవేయుట ఈ సభకు తగును. ఆ విద్యార్థి మోహనదాసు కరంచందు గాంధి. ఆయన మహాత్ముడగుటకు ఇంకను చాల కాలమున్నది. ఇచ్చట ప్రసక్తుడగువాడు నలుగురిలో నోరు విప్పలేని బిడియస్థుడగు మోహనదాసు మాత్రమే. ఈ వృత్తాంతమునకు ఆధారము, 1925 మొదలు ఆయన “నవజీవన్” వారపత్రికలో ప్రకటించిన ఆత్మకథ.

సీమకు పోవలెనను తలంపు మొదట ఆ బాలునిది కాదు. 1887లో మెట్రిక్యులేషను గట్టెక్కి, భావనగరు కళాశాలలో చేరి, అక్కడి పాఠములు తలకెక్కక కొలది నెలలకే ఇల్లు చేరినాడు. తండ్రి 1885లోనే గతించెను. కుటుంబమునకు హితుడగు మావ్జీ దవే అను బ్రాహ్మణుడు వచ్చి లెక్క చెప్పెను: ఇచ్చట బి.ఏ. చదువుటకు నాలుగైదేండ్లు పట్టును, తుదకు దొరకునది అరువది రూపాయల ఉద్యోగము. సీమకు పోయినచో మూడేండ్లలో బారిష్టరు కావచ్చును, నాలుగైదు వేల రూపాయలకు మించి ఖర్చు కాదు. ఇట్టి లెక్కలు చెప్పువారు అన్ని కాలములందును, అన్ని యూళ్ళయందును కలరు. భార్య నగలు అమ్మినచో రెండు మూడు వేలు రాగలవని ఆ కుఱ్ఱవాడే సూచించెను. నగలు గల ఆమె ఏమనెనో గ్రంథమున కానరాదు. ఆమె ఒడిలో అప్పటికి కొన్ని నెలల పసిబిడ్డ యుండెను. సొమ్ము ఎట్లయినను సమకూర్తునని అన్నగారు భారము వహించిరి.

తల్లి పుత్లీబాయి సమ్మతించుట కష్టమయ్యెను. సీమకు పోయిన పిల్లలు చెడిపోవుదురని ఆమెకు ఎవరో చెప్పిరి. బేచర్జీ స్వామి యను జైన సన్న్యాసి సమక్షమున మద్యమును, మాంసమును, పరస్త్రీని తాకనని కుమారుడు మూడు ప్రతిజ్ఞలు చేసిన పిమ్మటనే ఆమె అనుమతించెను. బొంబాయిలో కులపెద్దలు సభ చేసి, సముద్రము దాటుట మతవిరుద్ధమనిరి. వినకపోగా వెలివేసిరి. అతనికి తోడ్పడినవారికిని, ఓడరేవునకు సాగనంప వచ్చినవారికిని ఒక రూపాయి నాలుగణాలు జరిమానా విధించిరి. అన్నగారు సొమ్ము దాచియుంచిన బావగారు వెలికి వెరచి ఆ సొమ్ము ఈయలేదు. వేరొక మిత్రుని కడ బదులు తీసికొనవలసి వచ్చెను. 1888 సెప్టెంబరు 4వ తేదీన ఓడ బయలుదేరెను. ఆ విద్యార్థి నెత్తిన తల్లికిచ్చిన మాట యొకటి, అన్నగారి సొమ్ము ఒకటి, ఈ రెండు ఋణములుండెను.

ఓడలో సంగతులు పెక్కులు లేవు. కత్తియు ముల్లును పట్టుట తెలియక, వంటకములలో మాంసము లేనిదేదో అడుగుటకు సిగ్గుపడి, ఇంటినుండి తెచ్చుకొన్న మిఠాయిలతో పండ్లతో ప్రొద్దు పుచ్చెను. తెల్లని ఫ్లానెలు దుస్తులు ధరించి ఒడ్డున దిగెను; చూడగా సెప్టెంబరు నెల చివర అట్టి దుస్తులు వేసికొన్నవాడు ఆ జనములో తానొక్కడే.

లండనులో ఆకలి మొదటి ఉపాధ్యాయుడయ్యెను. బస చేసిన ఇంట వంటకములు చప్పన. ఇంటి కుమార్తెలు రెండు రొట్టెముక్కలు వడ్డింతురు. మరి రెండు కావలెనని నోరు విప్పలేడు. దినమునకు పది పన్నెండు మైళ్ళు నడచి, చవుక పూటకూళ్ళ యిండ్లలో రొట్టెతో కడుపు నింపుకొనెను. తుదకు ఫారింగ్డను వీథిలో శాకాహార భోజనశాల కనబడెను. దాని అద్దపు కిటికీలో అమ్మకమునకు పెట్టిన సాల్టు పండితుని శాకాహార గ్రంథమును ఒక షిల్లింగునకు కొని, లోపలికి పోయి, సీమకు వచ్చినది మొదలు ఎరుగని తృప్తితో భోజనము చేసెను. అంతవరకు తల్లి కోసమై మాంసము మానినవాడు, ఆ గ్రంథము చదివిన పిమ్మట తన బుద్ధితోనే మానెను.

అయినను వయస్సు ఊరకుండదు. భోజనమున ఆ దేశపు నాగరికతకు లోటు చేసినందులకు వేషమున పూడ్చవలెనని తోచెను. పందొమ్మిది షిల్లింగుల పొడుగు టోపి కొనెను. బాండు వీథిలో పది పౌనులు పోసి సాయంకాలపు విందు దుస్తులు కుట్టించెను. జేబు గడియారమునకు రెండు పేటల బంగారు గొలుసు పంపుమని అన్నగారికి వ్రాసెను. ఉదారుడగు అన్న పంపెను. దినమునకు పది నిమిషములు నిలువుటద్దము ముందు నిలిచి మెడపట్టీ సవరించుకొనుచుండెను. నృత్యము నేర్చుటకు మూడు పౌనులు; మూడు వారములలో ఆరు పాఠములు జరిగినను అడుగు తాళమునకు పడలేదు. తాళము తెలియుటకు వయొలిను నేర్వవలెనని దానికి మరి మూడు పౌనులు. వక్తృత్వము నేర్పువానికి ఒక గినీ. ఈ వేడుక సుమారు మూడు నెలలు సాగెను. ఈ దేశమున జీవితమంతయు ఉండబోవని నాకు ఈ వక్తృత్వమేల? నృత్యము చేసినంత పెద్దమనిషినగుదునా? వయొలిను మా దేశమున నేర్వరాదా? అని యోచించుకొని, గురువులకు ఉత్తరములు వ్రాసి మానుకొనెను. వయొలినును ఎంతకైనను అమ్మిపెట్టుడని నేర్పిన ఆమెనే వేడుకొనెను.

ఇక చిట్టా సంగతి. ఆ వేషపు దినములలో సైతము ఈ విద్యార్థి ఒక పని తప్పలేదు. గుఱ్ఱపు బస్సు కిరాయి, తపాలా బిళ్ళలు, వార్తాపత్రికకు ఇచ్చిన రెండు రాగి నాణెములు, అన్నియు పద్దు పడవలసినదే. ప్రతి రాత్రి పండుకొనుటకు ముందు నిలవ తేల్చుకొనవలసినదే. పద్దు వ్రాయుటలో విచిత్రమేమనగా, అది ఎవరిని తిట్టదు, ఎవరికి నీతి చెప్పదు. పందొమ్మిది షిల్లింగుల టోపిని రొట్టెముక్క ప్రక్కన కూర్చుండబెట్టి ఊరకుండును. చూచుకొన్నవానికి సగము ఖర్చు అనవసరమని తేలెను. కుటుంబముతో బస మాని వేరుగా గదులు తీసికొనెను. ఆ మీదట రెండు గదులు మాని ఒకటే యుంచుకొని, చిన్న పొయ్యి కొని, ఉదయము ఓటు ధాన్యపు జావయు కోకోయు తానే కాచుకొనెను. మధ్యాహ్నము భోజనశాలలో, రాత్రి గదిలోనే రొట్టె, కోకో. దినమునకు ఒక షిల్లింగు మూడు పెన్నీలతో గడచెను. బస్సు మాని నడచుటచే కిరాయి మిగిలెను, ఒడలికి బలము వచ్చెను.

ఈ అంకెలను ఒకమారు ఎదురెదురుగా నిలిపి చూడవలెను. పౌనునకు 20 షిల్లింగులు, షిల్లింగునకు 12 పెన్నీలు. 1971 వరకు ఆ దేశపు లెక్క ఇదియే. దినబత్తెము 15 పెన్నీలు. టోపి వెల 228 పెన్నీలు, అనగా పదునైదు దినముల బత్తెము పోను ఇంకను మూడు పెన్నీలు. విందు దుస్తుల వెల 2400 పెన్నీలు, అనగా నూట అరువది దినముల బత్తెము. అయిదు మాసములకు పైబడిన తిండిని ఆ కుఱ్ఱవాడు ఒంటిమీద వేసికొని తిరిగెనన్నమాట. ఈ గుణకారము ఆత్మకథలో లేదు. అంకెలు మాత్రము అందలివే. తరువాతి కాలమున లక్షల రూపాయల ప్రజాధనము చేతులమీదుగా నడచినను తన ఉద్యమములు అప్పులపాలు కాకుండుటకు ఈ అలవాటే కారణమని ఆయనయే వ్రాసినాడు.

పైకపు పద్దులకంటె తల్లి పద్దు కఠినమైనది. ఒక మిత్రుడు మాంసము తినుమని వాదించి, ఆంగ్ల తాత్త్వికుని గ్రంథము చదివి వినిపించెను. వాదమునకు చాలను, మాట తప్పజాలను అని యూరకుండెను. కోడిగ్రుడ్డు మాంసమగునా కాదా యను చర్చ వచ్చినపుడు, కాదనువారు లండనులో పెక్కుమంది; కొన్నాళ్ళు తానును తినెను. పిమ్మట యోచించుకొనెను: ప్రతిజ్ఞ చేయించినది తల్లి, ఆమె మనస్సున గ్రుడ్డు మాంసములోనిదే, కనుక ఆమె అర్థమే అర్థము. దస్తావేజు వ్రాయించుకొన్నవాని భావమును బట్టి చెల్లవలెను గాని, వ్రాసియిచ్చినవాడు తరువాత కల్పించుకొన్న భావమును బట్టి కాదు. న్యాయశాస్త్రము చదువబోయినవాడు మొదట గెలిచిన వ్యాజ్యము ఇది. ఓడినది తన నాలుకయే.

ఆ న్యాయశాస్త్రపు చదువు మాత్రము ఆశ్చర్యకరము. ఆయన చేరిన ఇన్నర్ టెంపుల్ నందు పండ్రెండు విడతలు హాజరు కావలెను. హాజరనగా విందుకు పోవుట! విడతకు సుమారు ఇరువది నాలుగు విందులు, వానిలో ఆరింటికైనను పోవలెను. నలుగురికి రెండు సీసాల ద్రాక్షాసారాయము ఇత్తురు. త్రాగనివాడొకడు బల్లకడ నున్నచో తక్కిన మువ్వురకు వంతు పెరుగును గదా. కాబట్టి మోహనదాసును తమతో కూర్చుండుమని పిలుచువారు పలువురు! శుక్రుడు సురలో కచుని త్రాగి, బుద్ధి తెలిసి, సురాపానమును నిషేధించెను; మోహనదాసు తానే త్రాగక, తోటివారిని కోరి వచ్చునట్లు చేసికొనెను. పరీక్షలు సులభమే యైనను చూచి వ్రాయుటకు, సంగ్రహములు బట్టీపట్టుటకు ఒప్పక మూలగ్రంథములు కొని చదివెను. లండను మెట్రిక్యులేషనులో లాటిను భాషయందు ఒకమారు తప్పి, మరల కూర్చుండి గెలిచెను. ఆ లాటినుతో చదివిన రోము ధర్మశాస్త్రము తరువాత దక్షిణాఫ్రికాలో అక్కరకు వచ్చెను.

ఐరోపాలో ఆయనకు దొరకిన గ్రంథములలో అన్నిటికంటె విచిత్రముగా దొరకినది భగవద్గీత. రెండవ యేడు ముగియు వేళ దివ్యజ్ఞాన సమాజమునకు చెందిన ఇరువురు ఆంగ్ల సోదరులు గీతకు ఎడ్విను ఆర్నాల్డు చేసిన ఆంగ్లానువాదము చదువుచు, మూలము మాతో కలసి చదువుదువా అని అడిగిరి. అప్పటికి ఆయన గీతను సంస్కృతమున గాని గుజరాతీలో గాని చదివియుండలేదు. సిగ్గుపడి, ఉన్నమాట చెప్పి, వారితో కూర్చుండెను. ఇంటి అటుకమీది తాళపత్రములను పొరుగింటివాడు దులిపి చేతికిచ్చినట్లాయెను. బైబిలును కూడ అచ్చటనే చదివెను. పర్వతోపదేశము హృదయమున నాటెను.

ప్యారిసులో జరిగిన మహాప్రదర్శనమునకు పోయి ఏడు దినములుండెను. ఆత్మకథలో 1890 అని పడినది గాని ఆ ప్రదర్శనము జరిగినది 1889లో. పట్టణపు పటము చేతబట్టి కాలినడకనే తిరిగెను. క్రొత్తగా లేచిన ఐఫెలు గోపురమును రెండు మూడు మారులెక్కి, అంత యెత్తున భోజనము చేసితినని చెప్పుకొనుటకు ఏడు షిల్లింగులు పారవేసితినని వ్రాసినాడు. అయిదున్నర దినముల బత్తెము. ఆ గోపురమున కళయేమియు లేదని, మనుజులు ఆటబొమ్మలకు మురియు పిల్లలని ఆయన తీర్పు. జ్ఞాపకమున మిగిలినవి నోత్రుదాము మొదలగు ప్రాచీన దేవాలయములు. వానిలో మోకరిల్లిన జనము రాతిబొమ్మకు మ్రొక్కుటలేదని ఆయనకు తోచెను.

1891 జూన్ 10న బారిష్టరయ్యెను, 11న హైకోర్టున పేరు నమోదు చేయించెను, 12న ఓడయెక్కెను. చదువు ముగిసిన పిదప ఒక దినమైనను వృథాగా నిలువలేదు. బొంబాయి రేవున సముద్రము అల్లకల్లోలముగా నుండెను. అన్నగారు రేవుకడకు వచ్చియుండిరి. తల్లిని చూడవలెనని తహతహలాడుచున్న తమ్మునికి అప్పుడు చెప్పిరి: ఆమె లేదు. అతడు సీమలో నుండగనే గతించినది. పరదేశమున ఒంటరిగా ఆ దెబ్బ తగులరాదని దాచిరి. మూడేండ్లు నెరపిన ఆ పద్దును ఎవరికి చూపదలచెనో ఆమె వెళ్ళిపోయినది. ఆయన వలవల ఏడ్వలేదు. కన్నీరు నిలుపుకొని పనులలో పడెను.

బారిష్టరు తమ్ముడు వచ్చుచున్నాడని అన్నగారు ముందే ఇంట పింగాణీ పాత్రలు, తేనీరు, కాఫీ ప్రవేశపెట్టిరి. వచ్చినవాడు ఓటు జావను చేర్చెను. ఖర్చు పెరిగెను, రాబడి లేదు. బొంబాయి చిన్న కోర్టులో ముప్పది రూపాయలకు వచ్చిన మొదటి వ్యాజ్యమున ప్రశ్న వేయుటకు లేచి, తల తిరిగి, కూర్చుండెను. సొమ్ము తిరిగి యిచ్చివేసెను. కక్షిదారు ఏబదియొక్క రూపాయలకు వేరొక వకీలును పెట్టుకొనెను.

కులపు వెలి అట్లే యుండెను. అన్నగారు ఆయనను నాసికమునకు తోడ్కొనిపోయి గోదావరిలో స్నానము చేయించి, రాజకోటలో కులమువారికి విందు చేసిరి. ఒక పక్షము శాంతించెను. రెండవ పక్షము శాంతింపలేదు. ఆ కట్టుబాటు ప్రకారము అత్తమామలును, సొంత అక్కయు, బావయు ఆయనకు మంచినీళ్ళయినను ఈయరాదు. చాటుగా ఇత్తుమని వారు పిలిచిరి. పదిమంది యెదుట త్రాగరాని నీరు చాటున త్రాగుట ఆయనకు సమ్మతము కాలేదు. అక్క యింటికి పోయినను, అత్తవారింటికి పోయినను, దాహము పుచ్చుకొనకయే లేచి వచ్చుచుండెను.