ఎత్తుకు ఎంత ఖరీదు?

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇందాక సిద్ధాంతిగారు పంచాంగం చదివి మన ఆదాయ వ్యయాలు వినిపించారు. నేను చెప్పబోయేదీ లెక్కల సంగతే. కాకపోతే ఇవి ఆకాశంలో వ్రేలాడుతూ వేసుకొనే లెక్కలు. మన ముంబయిలో ఎత్తయిన మేడలకు బయటివైపు అద్దాలు తుడిచేవారిని మీరంతా చూసే వుంటారు. వారి ఛలోక్తులను గురించి, వారి బేరాలను గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఏ దేశంలోనయినా ఈ వృత్తిలో కొత్తగా చేరినవాడికి పెద్దవాడు చెప్పే మొదటి పాఠం ఒకటే: “అద్దం బాగా తుడిచావు. ఎలా వచ్చిందో చూద్దామని మాత్రం ఒక అడుగు వెనక్కి వేయకు!”

న్యూయార్కులో 1931లో తెరిచిన ఎంపైర్ స్టేట్ భవనానికి అంతస్తులు 102, కిటికీలు 6,514. కిటికీకి ఇంతని కడితే లెక్క తేలిపోతుందని మనం అనుకుంటాం. 2010లో తెరిచిన దుబాయి బుర్జ్ ఖలీఫా సంగతి చూడండి. ఎత్తు 828 మీటర్లు. ఒక చుట్టు తుడవడానికి సుమారు మూడు నెలలు. క్రిందికి వచ్చేసరికి పైన ఎడారి దుమ్ము మళ్ళీ సిద్ధం. అటువంటి మేడకు ధర చెప్పమంటే ఒక గడుసువాడు, “ధర దేనికండీ? పిల్లనిచ్చి ఇల్లరికం పెట్టుకోండి” అన్నాడట.

నలభై అంతస్తులకు ఎంత పుచ్చుకుంటావని మరొకరిని అడిగారట. “మెల్లగా దిగితే కూలి నా చేతికివ్వండి, వేగంగా దిగితే మా ఆవిడ చేతికివ్వండి” అన్నాడట. ఇక్కడ మనకు నవ్వు వస్తుంది, వచ్చి గొంతులో ఆగిపోతుంది.

అసలు ధర దేనికి? సబ్బునీళ్ళు చవక. ఇటలీనుండి కాలిఫోర్నియాకు వలసవెళ్ళిన ఎత్తోరే స్తెక్కోనే అనే ఆయన 1930ల దశకంలో ఇత్తడి పిడికి రబ్బరు పట్టీ బిగించి తేలికపాటి వైపరు చేశాడు. నేలమీది దుకాణానికీ నూరో అంతస్తుకూ పనికివచ్చేది అటువంటి పనిముట్టే. ఖరీదంతా మనిషిని అద్దం దగ్గరకు చేర్చి, మళ్ళీ ఇంటికి చేర్చడంలో వున్నది. మేడపైన పట్టాలు, వాటిమీద నడిచే యంత్రం, దానికి వ్రేలాడే ఝూలా కావాలి. అవి లేనిచోట త్రాళ్ళు కావాలి. త్రాడు ఒకటి చాలదు, రెండు వుండాలి. ఒకటి పనికి, రెండవది ప్రాణానికి. రెంటినీ వేరువేరు చోట్ల కట్టాలి. పిట్టగోడ అంచుకు ఒరుసుకొని తెగకుండా మెత్త వేయాలి. గాలి ఎక్కువైతే పని ఆపాలి. ఎండ చురుక్కుమంటే సబ్బునీరు తుడిచేలోపునే ఆరి మరకలు కడుతుంది. అందుచేత నీడ ఎటు తిరిగితే పని అటు తిరగాలి. ఇవన్నీ కలిస్తేనే ధర.

మనది నాలుగంతస్తుల మేడే గదా, ఇంత హంగామా ఎందుకని కొందరంటారు. పన్నెండు మీటర్ల ఎత్తునుండి జారినవాడు నేలను చేరడానికి పట్టేది ఒకటిన్నర సెకను. అప్పటికి అతని వేగం గంటకు 55 కిలోమీటర్లు. నాలుగో అంతస్తయినా, నలభయ్యో అంతస్తయినా పోయేది ఒక్క ప్రాణమే. ఎత్తును బట్టి ధర తగ్గవచ్చును గాని, రెండవ త్రాడు తగ్గకూడదు.

మన సొసైటీలలో మూడు కొటేషన్లు తెప్పించి, అన్నింటికన్న తక్కువదానిమీద సంతకం చేయడం ఆనవాయితీ. ఆ తగ్గింపు ఎక్కడనుండి వచ్చిందని మనం అడగం. సబ్బులో మిగిలేది పైసలు. పెద్దమొత్తం మిగిలిందంటే అది ఆ రెండవ త్రాడులోనో, మేడపైన కాపలా వుండవలసిన మనిషిలోనో, గాలిరోజున పని ఆపినందుకు ఇవ్వవలసిన కూలిలోనో మిగిలివుంటుంది.

ఇది మనకు పరాయి సంగతి కాదు. తెలుగునేలనుండి వచ్చిన కామాఠీలు నాటి బొంబాయి కట్టడాలకు రాళ్ళు మోశారు. కామాఠీపురా అనే పేరు వారివల్ల వచ్చినదే. కూలివాడితో బేరం ఆడేవారి ముందు నిలబడ్డవారు మన పెద్దలలో ఎందరో వున్నారు. ఇప్పుడు కొటేషను కాగితం మన చేతికి వచ్చింది.

కనుక నా మనవి ఒక్కటే. ఈ ఏడు మీ మేడకు ఝూలాగాని, త్రాడుగాని దిగేముందు ధర అడగండి, తప్పులేదు. దానితోపాటు రెండవ త్రాడు ఎక్కడ కట్టారో చూపించమనండి. అతడు మధ్యలో చిక్కుకుంటే దించేవారెవరో అడగండి. కిటికీ అవతల అతడు కనిపించినప్పుడు మీ పిల్లలచేత ఒక నమస్కారం పెట్టించండి. అతడు ఛలోక్తులు విసురుతూ పనిచేసుకొని, మెల్లగా దిగి, తన కూలి తన చేతితోనే తీసుకోవాలి.

అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.