పిత్తాశయపు రాచపుండు – వంశభేదములు



హైదరాబాదు పాతబస్తీలో లాల్ దర్వాజా చెంత నేను నివసించు వీధియందు పలువంశములవారు కలసి బ్రదుకుచున్నారు. ఆసఫ్‌జాహీల దఫ్తరులలో కొలువునకై ఉత్తరాదినుండి వచ్చిన కాయస్థుల సంతతివారు, వాణిజ్యమునకు వచ్చిన మార్వాడీలు, మా తెలుగువారు ఇరుగుపొరుగున నుందురు. మరికొంత దూరమేగినచో బార్కసునందు, నిజాము సైన్యమున చేరవచ్చిన హద్రమౌతు అరబ్బుల సంతతి కలదు. వ్యాధియు వంశముల నెంచి వచ్చునా యని మీబోటి పెద్దలు కొందరు నన్నడిగిరి. నేను వైద్యుడను గాను, బడిపంతులను. ఐనను ఒక్క వ్యాధిని గూర్చి తెలిసికొనవలసి వచ్చినది.

కాలేయము క్రింద పిత్తరసమును నిలువయుంచు చిన్నసంచి కలదు. అదియే పిత్తాశయము. అందు పుట్టు రాచపుండు, అనగా క్యాన్సరు, పురుషులకంటె స్త్రీలకు హెచ్చు. మన దేశమున ఢిల్లీ, ఉత్తరప్రదేశము, బీహారు, ఆవల అస్సాములందు విస్తారము, దక్షిణాదిని తక్కువ. 1981లో భారత వైద్య పరిశోధన మండలి యారంభించిన జాతీయ క్యాన్సరు నమోదు పథకపు లెక్కలు దీనిని చూపుచున్నవి. దక్షిణ అమెరికాలోని చిలీ దేశమున మపూచే యను ఆదివాసులయందును ఇది మిక్కుటము. ఈ పుండు వచ్చినవారిలో పెక్కుమందికి ఆ సంచిలో రాళ్ళుండును. అట్లని రాళ్ళున్నవారి కందరకు పుండు వచ్చునని భయపడరాదు. వారిలో అధికులకు రానేరాదు. ఉత్తరాదిని కొవ్వుజాతి రాళ్ళును, మనవైపున రంగుజాతి రాళ్ళును ఎక్కువ యని వైద్యులు చెప్పుదురు.

అయితే వ్యాధి వచ్చుట వేరు, వచ్చిన పిదప బ్రదుకుట వేరు. ఈ భేదము నాకు ఆలస్యముగ తెలిసినది.

2012లో మా పొరుగింటి కాయస్థ గృహిణికి భోజనానంతరము కుడిడొక్క పైభాగమున నొప్పి వచ్చుచుండెను. స్కానింగులో రాళ్ళు కనబడగా వైద్యులు సంచిని తీసివేసిరి. తీసినదానిని పరీక్షింపగా లోపలి పొరయందు పుండు మొదలైనట్లు తేలినది. అంతకుమించి ప్రాకలేదు. ఆమె నేటికిని సంక్రాంతికి మా యింటికి నువ్వులుండలు పంపుచున్నది.

మరుసటియేట అట్టి నొప్పియే మా అక్కగారికి వచ్చినది. "అది ఉత్తరాదివారి వ్యాధి, మనకు రాదు, ఇది పైత్యమే" యని చెప్పినవాడను నేనే. శ్లోకములు చదివిన నోరు గనుక ఇంటిలో నా మాటకు ఎదురులేదు. శొంఠి, జీలకఱ్ఱ కషాయములతో ఎనిమిది మాసములు గడచినవి. కన్నులు పచ్చబడిన పిమ్మట ఆసుపత్రికి తీసికొనిపోతిమి. అప్పటికే కాలేయమునకు ప్రాకినది. మూడు మాసములకు ఆమె గతించినది.

అమెరికా లెక్కలలో, వ్యాధి సంచిని దాటకమునుపు కనుగొన్నచో నూటికి 60 మందికి పైబడి 5 సంవత్సరములు జీవించుచున్నారు. దూరపు అవయవములకు ప్రాకిన పిదప నూటికి ఐదుగురైనను మిగులరు. అచట తెల్లవారు, నల్లవారు, ఆదివాసులని వంశములవారీగ కూడ ఆయుర్దాయమును పోల్చుదురు. అట్టి పోలికలో ఎవరు ఏ దశలో వైద్యుని చేరిరో, ఎవరికి శస్త్రచికిత్స అందినదో మొదట చూడవలెను. మనయూళ్ళలో అరుదగుటచేతనే ఈ వ్యాధి పైత్యమను పేరున దాగుచున్నదని నా యూహ.

మీ యింటి స్త్రీలు ఇట్టి నొప్పిని అడిగినగాని చెప్పరు. అడుగుడు. స్కానింగునకు పరగడుపున తీసికొనిపొండు. తిన్నచో సంచి ముడుచుకొని సరిగ కనబడదు.